ఆర్డిత్ ట్రక్కులో ఇనప్పెట్టె

ఆర్డిత్ క్వార్ల్స్‌కి సలహాలు పడవు. ఆ సలహా కోడలి నోట్లోంచి వచ్చిందా, మరీనూ. అలాగని కొరీన్ చెడ్డదేం కాదు. జిల్లా ఆస్పత్రిలో, ప్రాణాల మీదికొచ్చిన వాళ్ళని చూసే వార్డులో నర్సు. పనిమంతురాలు. కాకపోతే బస్తీ పిల్ల. నాక్స్‌విల్ పట్నంలో పుట్టి పెరిగింది కాబట్టి ఇంటికి తాళం, కారుకి తాళం, ఆఖరికి పెరట్లో సైకిలుకి కూడా తాళం. మా కొండ ఊరు ప్రూయెట్స్ గ్యాప్‌లో తాళాలు వేసుకునేవాళ్ళని చూస్తే జనానికి నవ్వొస్తుంది.

గొడవ పిప్పరమెంటు బిళ్ళల దగ్గర మొదలైంది. ఆదివారం చర్చి అయ్యాక అందరూ ఆర్డిత్ ఇంటి ముందు చెట్టునీడలో భోజనాలకి కూర్చున్నారు. మొక్కజొన్న రొట్టె, వేయించిన బెండకాయ, పెద్ద జాడీ నిండా తియ్యటి చల్లని టీ. మనవరాలు టాన్సీ రెండు ముద్దలు తిని, మూతి తుడుచుకుని, చక్కా పోయి గ్రానీ ట్రక్కెక్కింది. రెండు సీట్ల మధ్య మూత ఉన్న అర ఒకటి ఉంటుంది, అందులో పిప్పరమెంట్లు ఉంటాయని దానికి తెలుసు. పిల్ల వెనకే కొరీన్ వెళ్ళింది. వెళ్ళినావిడ వెంటనే తిరిగి రాలేదు. పిల్లని చంకనేసుకుని ట్రక్కు తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"మిస్ ఆర్డిత్, ఇలా ఒకసారి రండి. ఇదేంటి?" పెద్దావిడల్ని మర్యాదకి మిస్ అనడం మా వైపు అలవాటు.

"పిప్పరమెంట్ల అర."

"పిప్పరమెంట్ల కిందది."

"ఎల్వుడ్ పిస్తోలు. నీకు తెలీందేముంది?"

"ఉందని తెలుసండీ. బిళ్ళల కింద ఉందని తెలీదు."

ఎల్వుడ్ ఆర్డిత్ మొగుడు. పోయి చాలా కాలమైంది. ఆ పిస్తోలు మాత్రం ఆయన బతికున్నప్పుడు ఎక్కడ ఉండేదో ఇప్పుడూ అక్కడే ఉంది. ఆర్డిత్ కొండ అవతలి ఇళ్ళకి గుడ్లు తీసుకెళ్తుంది. ఆ దారిలో పిచ్చికుక్కలుంటాయి, ఎలుగుబంట్లుంటాయి, ఒక్కోసారి వాటికంటే పనికిమాలిన మనుషులుంటారు. ఆడది ఒంటరిగా తిరగాలంటే చేతికందేంత దూరంలో ఒకటి ఉండాలి. మా కొండల్లో దీన్ని ఎవరూ వింతగా చూడరు.

"ముగ్గుర్ని పెంచాను," అంది ఆర్డిత్. "ముగ్గురూ ఆ ట్రక్కులోనే పెరిగారు. ఏదీ, ఒక్కడికి గీత పడిందేమో నీ మొగుణ్ణే అడుగు."

మొగుడు డెల్ కంచంలోకి చూస్తూ బెండకాయ ముక్కలు లెక్కపెట్టుకుంటున్నాడు. తల్లికీ పెళ్ళానికీ మధ్య మాట వేసేంత తెలివితక్కువవాడు కాదు.

కొరీన్ గొంతు పెంచలేదు. "పోయిన నెల మా వార్డుకి ఒక పిల్లాణ్ణి తీసుకొచ్చారు. వాడి మేజోళ్ళ మీద తాబేళ్ళ బొమ్మలున్నాయి. అంతవరకే నేను చెప్పగలను, మిగతాది నావల్ల కాదు. ఇది ఇలా ఉన్నన్నాళ్ళూ టాన్సీ మీ ట్రక్కెక్కదు. క్షమించండి."

ఆర్డిత్‌కి తల కొట్టేసినట్టయింది. సంత దగ్గర పడింది మరి. ఏటా జరిగే జిల్లా సంతలో ఈసారి పిల్లల కోళ్ళ పోటీలో టాన్సీ పేరు రాయించారు. దాని కోడిపెట్టని గుడ్డు లోంచి బయటికొచ్చిన రోజు నుంచీ తల్లిలా సాకింది ఆర్డితే. పెట్ట పేరు టీచరమ్మ. మెడ నిక్కించి, బళ్ళో వాళ్ళ టీచరమ్మలాగే నడుస్తుందని టాన్సీ పెట్టింది. ఆ పెట్టని ఒళ్ళో పెట్టుకుని, పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని, కిటికీలు దించి సంతకి పోవాలని ఆర్డిత్ చలికాలం నుంచీ ఎదురుచూస్తోంది. మిగతా మనవలు ఎక్కడెక్కడో ఉన్నారు, దగ్గరున్నది ఇదొక్కతే. అది తన ట్రక్కెక్కకపోతే ఇంక ఆ ట్రక్కెందుకు, ఆ గుడ్లెందుకు?

ఆ రాత్రి కోడల్ని మనసులో నాలుగు తిట్టుకుంది. మర్నాడు పొద్దున్నే లేచి హోయ్ట్ స్టాంపర్ ఇనప సామాన్ల కొట్టుకి వెళ్ళింది. ఆర్డిత్ తత్వమే అంత. ఒకళ్ళు చెప్పింది ఒప్పుకోదు గానీ, చేస్తే మాత్రం వాళ్ళు అడిగినదానికి రెండింతలు చేసి చూపిస్తుంది.

కొట్టు ముందు ట్రక్కు ఆపి, తాళాల గుత్తి ఇంజనుకే వదిలేసి దిగింది. మా ఊళ్ళో అందరూ అంతే. కొట్టు దగ్గరైనా, చర్చి దగ్గరైనా, పశువుల వేలం దగ్గరైనా తాళాలు బండిలోనే ఉంటాయి. నీ బండి దారికి అడ్డమైతే ఎవడో ఒకడు ఎక్కి పక్కకి తీసి పెడతాడు. ఎల్వుడ్‌ని పాతిపెట్టిన రోజున ఆర్డిత్ ట్రక్కుని ఎవరెవరో నాలుగు చోట్లకి మార్చారు. ఆఖర్న ఇంటికి తెచ్చి పెట్టింది ఎవరో ఈనాటికీ తెలీదు. తాళాలు తీసి జేబులో వేసుకున్నావంటే చుట్టూ ఉన్నవాళ్ళని దొంగలన్నట్టే. అంత మాట ఎవరంటారు?

హోయ్ట్, ఆర్డిత్ చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నారు. అతను రెండు ఇనప్పెట్టెలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. రెండూ పెద్ద పుస్తకమంత ఉన్నాయి.

"ఇదిగో ఆర్డిత్, దీనికి అంకెల మీటలున్నాయి. నీకు గుర్తుండే అంకెలు పెట్టుకో, నొక్కితే తెరుచుకుంటుంది. నా మాట విని ఇది తీసుకో."

"బ్యాటరీతో నడిచేదేదీ నాకొద్దు. ఎల్వుడ్ చెవిమిషన్ ఎప్పుడు కావాల్సొస్తే అప్పుడే చచ్చేది. ఆ రెండోది ఇవ్వు, తాళం చెవిది."

"చెవైతే పారేసుకుంటావే."

"పుట్టి బుద్ధెరిగాక ఒక్క తాళం చెవి పారేసుకోలేదు నేను."

అది అబద్ధం కాదు. తాళాలు ట్రక్కులోంచి తీస్తేగా పోవడానికి.

బయటికి వచ్చేసరికి ట్రక్కు ఎదురుగా మేపల్ చెట్టు కింద ఉంది. దాణా లారీకి దారి కోసం ఎవరో తీసి పెట్టారు. ఆర్డిత్ దాని గురించి రెండోసారి ఆలోచించలేదు. ఎక్కి ఇంటికొచ్చి, చీకటి పడేదాకా సీటు కింద పడుకుని పెట్టె బిగించింది. పెట్టెతో పాటు ఇనప తీగలు పేనిన తాడొకటి ఇచ్చారు. ఆ తాడుని సీటు కింద కమ్మీకి చుట్టి, కొసని పెట్టె మూత కింద ఇరికించి తాళం వేస్తే ఇంక పెట్టెని పట్టుకుపోవాలంటే సీటుని ఊడబెరకాల్సిందే. మోచెయ్యి దోక్కుపోయింది, జుట్టు నిండా దుమ్ము. ఆర్డిత్ మాత్రం పెళ్ళికూతుర్ని చేసినంత సంబరంగా లేచింది.

శనివారం కొరీన్‌ని పిలిచి మరీ చూపించింది. టాన్సీ కూడా వచ్చి, సీటు మీద మోకాళ్ళేసుకుని, మెడ వంచి చూస్తోంది.

"లాగు," అంది ఆర్డిత్ కోడలితో. "నీ బలమంతా పెట్టి లాగు. సిగ్గుపడకు."

కొరీన్ లాగింది. పెట్టె ఊడి రాలేదు. స్క్రూడ్రైవరు తెచ్చి మూత సందులో పెట్టి తిప్పింది. స్క్రూడ్రైవరే వంగింది.

"ఏమంటావు?"

"బాగుందండీ. నిజంగా బాగుంది."

"పెట్టెకి చెవులు రెండు. ఒకటి ఇదిగో, నీది. నాకంటే నువ్వే జాగ్రత్తపరురాలివి, నీ దగ్గరుంచుకో. రెండోది నా గుత్తిలో ఉంది."

"ఆ గుత్తి ఎక్కడుంటుంది?"

"ఎక్కడుంటుందేమిటి? నాతోనే ఉంటుంది."

ఆ మాట ఆర్డిత్ మనస్ఫూర్తిగానే అంది. ట్రక్కు తనతోనే ఉంటుంది, గుత్తి ట్రక్కులో ఉంటుంది. ఇక కొరీన్ సంగతి చూస్తే, బస్తీలో పెరిగిన మనిషికి తాళాలంటే చేతిసంచిలో ఉండేవని తప్ప మరో ఊహే రాదు. కాబట్టి ఇద్దరూ ఒకే మాటకి తలాడించారు. కొరీన్ అత్తగారి బుగ్గ మీద ముద్దు కూడా పెట్టింది. పెళ్ళయ్యాక అది రెండోసారో మూడోసారో.

"గ్రానీ, ఇందులో పెట్టింది ఎవరూ తీసుకుపోలేరా?" అంది టాన్సీ.

"ఎవరి తరమూ కాదు తల్లీ. దేశం మొత్తంలో ఇంతకంటే భద్రమైన చోటు లేదు."

"ఆ చిన్న పచ్చ చెవితో తెరుస్తారా?"

"ఆ పచ్చదానితోనే. అది గ్రానీ ఒక్కతే ముట్టుకోవాలి. సరేనా?"

టాన్సీ సరేనంది.

సంత రోజు ఎండ హాయిగా కాసింది. ఆర్డిత్ ఇంటి దగ్గరే పిస్తోలుని పెట్టెలో పెట్టి తాళం వేసింది. సంత గేటు లోపలికి తుపాకులు రానివ్వరు. కొందరు సరిగ్గా గేటు ముందుకొచ్చాక, పదిమంది చూస్తుండగా, నడుం దగ్గర నుంచి తీసి సీటు కింద దోపుతారు. అలాంటి వాళ్ళని చూస్తే ఇప్పుడు ఆర్డిత్‌కి జాలి. టీచరమ్మ బుట్టలో కూర్చుని దారంతా కొక్కొక్కో అని పాఠం చెబుతూనే ఉంది. టాన్సీ కాళ్ళూపుకుంటూ పాటలు పాడింది. ఆర్డిత్‌కి ఆ రోజు తన ఊళ్ళో తనకంటే గొప్పవాళ్ళు ఎవరూ కనిపించలేదు.

కోళ్ళ పాక వెనక మైదానంలో బళ్ళన్నీ ఒకదాని తోక ఒకటి పట్టుకున్నట్టు ఆపారు. అక్కడ మరీనూ తాళాలు బండికే వదలాలి. లేకపోతే ఒకడి పశువుల బండి కదలాలంటే ఊరంతా వెతుక్కోవాలి. ఆర్డిత్ ఎప్పట్లాగే దిగి తలుపు మూసింది.

టీచరమ్మ మొదటి బహుమతి కొట్టింది. న్యాయం చెప్పే పెద్దాయన దాని రెక్క విప్పి, మెడ నిమిరి, నీలం రిబ్బను తెచ్చి టాన్సీ చేతిలో పెట్టాడు. పిల్ల రిబ్బనుని రెండు చేతుల్తో గుండెకి హత్తుకుని నిలబడింది. ఆర్డిత్‌కి కళ్ళనీళ్ళొచ్చాయి. కొరీన్ ఆ రోజు సంతలోనే ఆస్పత్రివాళ్ళ మందుల డేరాలో డ్యూటీలో ఉంది. ఒక్క పరుగున వచ్చి, కూతుర్ని ఎత్తుకుని తిప్పి, మళ్ళీ పరిగెత్తింది.

తర్వాత నిమ్మరసం బండి దగ్గర హోయ్ట్ తగులుకున్నాడు, ఇంకో ఇద్దరు ముగ్గురు మగవాళ్ళతో. ఆర్డిత్ పెట్టె గురించి డప్పు మొదలుపెట్టింది.

"గ్రానీ, ట్రక్కు దాకా వెళ్ళొస్తా," అని టాన్సీ కొంగు లాగినట్టు చొక్కా అంచు లాగింది.

"టీచరమ్మ నీళ్ళ గిన్నెకా? వెళ్ళు బంగారం, పరిగెత్తకు." ఇటు తిరిగి, "ఏం హోయ్ట్, నువ్వు అమ్మావు గానీ దాని పనితనం నీకేం తెలుసు? మా కోడలు స్క్రూడ్రైవరు పెట్టి తిప్పింది. స్క్రూడ్రైవరు వంగింది. దేవుడొచ్చినా తెరవలేడు. మీరంతా ఇంకా సీట్ల కింద దోపుకుంటారు చూడు, మిమ్మల్ని చూస్తే నవ్వొస్తుంది."

"సరేలే తల్లీ, ఇంక నీ పెట్టె మీద చర్చిలో పాట కట్టించు," అన్నాడు హోయ్ట్. అందరూ నవ్వారు. ఆర్డితే అందరికంటే గట్టిగా నవ్వింది.

టాన్సీ తిరిగొచ్చింది. చేతిలో గిన్నె లేదు. రిబ్బనూ లేదు.

"అయ్యో, రిబ్బనేదే? ఎక్కడ పడేసుకున్నావు?"

"పడలేదు గ్రానీ. ఇంతమందిలో ఎవరైనా తీసుకుంటే? నీ పెట్టెలో పెట్టా."

ఆర్డిత్ చేతిలో నిమ్మరసం గ్లాసు ఉంది. అది ఎక్కడ పెట్టిందో తర్వాత ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

"ఏ పెట్టెలో, తల్లీ?"

"ఎవరూ తీసుకుపోలేని దాంట్లో. పచ్చ చెవిని నేను ముట్టుకోకూడదుగా, అందుకని గుత్తి పట్టుకుని తిప్పా." టాన్సీ ముఖం నిండా మంచి పిల్ల చేసిన మంచి పని. "రిబ్బను మడత పడుతుందని పిస్తోలుని కాస్త పక్కకి జరిపా. బరువుగా ఉంది. రెండు చేతుల్తో పట్టుకున్నా."

హోయ్ట్ నవ్వు ఆగిపోయింది. ఆర్డిత్ పిల్ల చెయ్యి పట్టుకుని నడిచింది. ఆ మైదానం ఆమె చిన్నప్పటినుంచీ నడిచిందే. ఆ రోజు అవతలి గట్టు రానే రాదేమో అనిపించింది. ట్రక్కు తలుపు తెరిచే ఉంది. సీటు కింద నుంచి పెట్టె, తాడు సాగినంత మేర, కాస్త బయటికి లాగి ఉంది. మూత మూసే ఉంది. తాళంలో పచ్చ చెవి, దానికి వేలాడుతూ గుత్తిలోని మిగతా చెవులన్నీ, ట్రక్కుది, ఇంటిది, కోళ్ళగూడుది. ఆర్డిత్ మూతెత్తింది. అడుగున పిస్తోలు పక్కకి తిరిగి ఉంది. గుళ్ళన్నీ నింపి ఉన్న పిస్తోలు. గొట్టం సీటు వైపుకి, అంటే పిల్ల మోకాళ్ళేసుకుని కూర్చునే వైపుకి. దాని పక్కన నీలం రిబ్బను, ఒక్క ముడత లేకుండా, చేత్తో సాపు చేసి పెట్టినట్టు.

ఆర్డిత్ గడ్డి మీద కూలబడింది. టాన్సీని దగ్గరికి లాక్కుంది. వేళ్ళు చూసింది, అరచేతులు చూసింది, ముఖం తడిమింది.

"కోపమొచ్చిందా గ్రానీ?"

"వచ్చింది తల్లీ. నీ మీద కాదు. నువ్వేం తప్పు చెయ్యలేదు."

భయం ఇంకా పోలేదు. బుర్ర మాత్రం తిన్నగా పనిచెయ్యడం మొదలుపెట్టింది. కొరీన్‌ని ఇంతకాలం పిరికిదనుకుంది. తాళాలు వేసుకునే మనిషని ఊరితో కలిసి నవ్వింది. ఇన్నేళ్ళుగా పిప్పరమెంట్ల కింద ఏమీ జరగలేదంటే అది తన పెంపకం గొప్పదనం కాదు, అదృష్టం. ఆ అదృష్టం ఇవాళ కూడా నిలబడింది. ఇంకోసారి దాన్ని అడిగే మొహం తనకి లేదు.

రిబ్బను తీసి టాన్సీకి ఇచ్చింది. పెట్టె మూసి తాళం వేసింది. గుత్తి మొత్తం తీసి చొక్కా జేబులో వేసుకుని, పైన బొత్తాం పెట్టుకుంది. లేచి మందుల డేరా వైపు నడిచింది.

కొరీన్ ఒక రైతు బొటనవేలికి కట్టు కడుతోంది. "అమ్మాయ్, అది పూర్తిచేసి ఇలా రా," అంది ఆర్డిత్. కోడలొచ్చాక చుట్టూ తిప్పకుండా జరిగింది జరిగినట్టు చెప్పింది. గుత్తి ఎక్కడ వదిలింది, పిల్లకి తనేం చెప్పింది, పిల్ల ఏం జరిపింది, గొట్టం ఎటు తిరిగి ఉంది. ఏదీ తగ్గించలేదు.

కొరీన్ మడత కుర్చీలో కూర్చుండిపోయింది. పక్కనే టాన్సీ రిబ్బనుని మోకాలి మీద పరుచుకుని నిమురుతోంది. కొరీన్ కూతుర్ని చూస్తూ అంది.

"నేను చూడలేదు. మీరు చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు."

"ఎందుకు తెలీదు? అన్నం దగ్గర కూర్చోగానే అదే చెప్పేది."

కొరీన్‌కి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

"అది చెప్పకపోయినా నేను చెప్పేదాన్నే," అంది ఆర్డిత్. "నువ్వు చెప్పింది సబబు. నేను పెట్టెకి తాళం వేసి చెవిని వీధిలో పెట్టాను. ఇవాళ పిల్ల నీ కారులో వస్తుంది. నా ట్రక్కెక్కదు. మళ్ళీ ఎప్పుడెక్కాలో నువ్వు చెప్పు. నేను అడగను."

అంత మాట ఆమె జీవితంలో ఎవరితోనూ అనలేదు. కొరీన్ లేచి, అత్తగారి మోచెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది. అది క్షమించడమో, పడిపోకుండా ఆనుకోవడమో ఆర్డిత్‌కి తెలియలేదు.

డేరా బయట హోయ్ట్ గొంతు వినబడింది. "ఆర్డిత్, నీ ట్రక్కు అడ్డంగా ఉంది. నా బండి కదలట్లేదు. తాళాలేవి, కనపడవేం?"

"నా జేబులో ఉన్నాయి."

"జేబులోనా? ఏంటీ, మమ్మల్ని దొంగల కింద జమకట్టావా?"

"నిన్ను కాదులే హోయ్ట్. నన్నే. పద, నేనొచ్చి తీస్తా."

ఆ రోజునుంచి ఆర్డిత్ ట్రక్కు ఎక్కడాపినా తాళాలతోనే దిగుతుంది. మొదట్లో ఊరు బాగానే ఏడిపించింది. చర్చి దగ్గర పాస్టరు ప్రార్థన మధ్యలో ఎవరో వచ్చి ఆమె భుజం తట్టేవారు, ట్రక్కు తియ్యమని. ఆమె లేచి, తలెత్తుకుని, అందరి మోకాళ్ళూ దాటుకుంటూ వెళ్ళి తీసొచ్చేది. బస్తీదానివైపోయావని ఎవరైనా అంటే, "అయ్యాను, మా కోడలు నేర్పింది," అనేది. కొంతకాలానికి హోయ్ట్ కొట్లో ఇనప్పెట్టెలు అయిపోయి మళ్ళీ తెప్పించాల్సొచ్చింది. ఇంకొంత కాలానికి వేలం దగ్గర మగవాళ్ళు కొందరు జేబులు తడుముకుంటూ కనిపించారు. హోయ్ట్ కూడా.

టాన్సీ మళ్ళీ ట్రక్కు ఎప్పుడెక్కాలో కొరీన్ వెంటనే ఏమీ చెప్పలేదు. ఆర్డిత్ అడగలేదు. మనవరాల్ని చూడాలనిపిస్తే డెల్ ఇంటికి వెళ్ళి చూసొచ్చేది. ఒంటరిగా వెళ్ళి, ఒంటరిగా వచ్చేది. ఆకులు రంగు తిరిగి రాలడం మొదలయ్యాక ఒక శనివారం పొద్దున్న కొరీన్ కారు ఇంటి ముందు ఆగింది. టాన్సీ దిగింది. కొరీన్ తిన్నగా ట్రక్కు దగ్గరికి వెళ్ళి తలుపు తెరిచింది. ఇనప్పెట్టె వైపు చూడలేదు. వంగి ఇంజను తాళం చూసింది. ఖాళీగా ఉంది. సీట్ల మధ్య అర మూతెత్తి అడుగుదాకా వేళ్ళు పెట్టి చూసింది. పిప్పరమెంట్లు తప్ప ఏమీ లేవు. ఒకటి తీసి నోట్లో వేసుకుంది.

"ఇవాళ గుడ్లకి వెళ్తారుగా? టాన్సీని కూడా తీసుకెళ్ళండి, మిస్ ఆర్డిత్. నాకు నిద్ర చాల్లేదు," అని కూతుర్ని ఎత్తి సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టింది.

ఆర్డిత్ గుడ్ల బుట్టలు ఎక్కించడానికి వెనక్కి తిరిగింది. వాటిని ఎక్కించడానికి మామూలు కంటే ఎక్కువసేపు పట్టింది. కళ్ళు తుడుచుకుని వచ్చి స్టీరింగు ముందు కూర్చుంది. ఎదురుగా అద్దానికి నీలం రిబ్బను వేలాడుతోంది. టాన్సీని బతిమాలి అడిగి తీసుకుంది దాన్ని. కింది అంచున పిస్తోలు నూనె అంటిన మరక ఒకటి ఉంది. మరక వైపు తనకి కనబడేలా కట్టుకుంది.

"గ్రానీ, అది ఉతికితే పోతుందిగా," అంది టాన్సీ.

"పోతుంది తల్లీ. ఉండనీ."

ఆర్డిత్ జేబు బొత్తాం విప్పి తాళాలు తీసి ట్రక్కు స్టార్ట్ చేసింది.